కప్పం కట్టిన రాజ్యాల దారిలో

హిందూపురంలో పొద్దున్నే ధర్మవరం రైలెక్కాను. మురారిరావు ఘోర్పడే తన తండ్రి హిందూరావు పేరుమీద ఈ ఊరు కట్టించాడని చెబుతారు. గుత్తి కోటలో కూర్చున్న ఆ మరాఠా సర్దారు పేరుకే పీష్వా మనిషి. సైన్యం, వసూళ్లు, సంధులు అన్నీ సొంతమే. 1776లో హైదర్ అలీ గుత్తిని పట్టుకోవడంతో ఆ దర్జా ముగిసింది.

పెనుకొండలో దిగి గగన్ మహల్‌కు నడిచాను. కింద సుల్తానుల తరహా కమానులు, పైన గుడి గోపురం లాంటి శిఖరం. 1565లో తళ్లికోట ఓటమి తర్వాత విజయనగర రాజధాని ఈ కొండ కిందికే వచ్చింది. ఈ సీమలో ఊళ్లేలిన పాలెగాళ్లు రాయలకు కప్పం కట్టి, యుద్ధానికి బంట్లను పంపేవాళ్లు. కావలి, వసూలు, తగువుల తీర్పు తమ చేతిలో ఉంచుకునేవాళ్లు. రాయల పట్టు సడలాక కప్పం పుచ్చుకునేవాడు మారాడు, పాలెగాడు మిగిలాడు. అనంతపురం హండె వంశం అలాగే విజయనగరం నుంచి హైదర్ దాకా ఎందరికో తల వంచింది.

కోట దగ్గర టీ పోస్తున్న పెద్దాయన మూడు ముక్కల్లో తేల్చేశాడు: "పైనోనికి కప్పం కడ్తాండ్రి, కిందోని దగ్గర గుంజుకుంటాండ్రి. మధ్యలో వాళ్లే రాజులు, సామీ!"

హైదర్ తర్వాత తన చేతికొచ్చిన ఈ జిల్లాలను 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 80 మంది దాకా ఉన్న పాలెగాళ్ల బంట్లను, కోటలను తీసేసి, లొంగినవాళ్లకు పింఛన్లిచ్చాడు.

ధర్మవరంలో ఒక ఇంట్లో గుంత మగ్గం చూశాను. కాళ్లు గుంతలో తొక్కుతుంటే పైన జరీ అంచు వేలెడు వేలెడుగా పెరుగుతోంది. పాలెగాళ్లు పోయినా సాలెవాళ్ల మీద భారం పోలేదు. కంపెనీ మగ్గానికి మొహతర్ఫా పన్ను వేసింది.

పైవాడి నీడలో సొంత ఏలుబడి నేటికీ ఉంది: గ్రీన్‌లాండ్ తన చట్టసభతో తనను తాను ఏలుకుంటుంది, రక్షణ మాత్రం డెన్మార్క్ చూస్తుంది. ఆ హక్కు చట్టంలో ఉంది, జనం ఓటుతో వచ్చింది. మన పాలెగాళ్లకు అవి రెండూ లేవు. పై దొర బలహీనతే వాళ్ల స్వేచ్ఛ, దొర బలపడిన రోజే అది పోయింది. నిజాం ధారపోసిన ఈ సీమ నడుమ సంస్థానాలుగా మిగిలినవి రెండే: బనగానపల్లె 1948లో, ఘోర్పడేల సండూరు 1949లో మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయాయి.