గీజరుకు ఎర్త్ ఉన్నదా?

చలికాలం రాగానే మన ఇళ్లలో గీజర్లకు పని పెరుగుతుంది. వైద్యుడు వైరింగు గురించి వ్రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. విద్యుదాఘాతానికి గురైన దేహంపై ఒక్కొక్కసారి చిన్న మచ్చ కూడా కనిపించదు. గుండె మాత్రం ఆగిపోయి ఉంటుంది. ఆ స్థితిలో వైద్యుడు చేయగలిగినదానికంటే, ముందుగానే గోడలో అమర్చిన ఒక తీగ చేయగలిగినదే అధికం.

పొడిచర్మం విద్యుత్తును చాలావరకు అడ్డుకుంటుంది. తడిసినప్పుడు దేహ నిరోధం సుమారు 1000 ఓములకు పడిపోవచ్చు. అప్పుడు 230 వోల్టుల వద్ద దాదాపు 230 మిల్లీ ఆంపియర్లు దేహం గుండా ప్రవహిస్తాయి. 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకొని, పట్టుకున్న కుళాయిని విడువలేకపోవచ్చు. 100 మిల్లీ ఆంపియర్లు ఒకటి రెండు సెకన్లు ప్రవహిస్తే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు.

‘మా ఇంట్లో ఎంసీబీ ఉన్నది’ అని ధీమాగా ఉండకండి. అది తీగలు కాలిపోకుండా కాపాడే సాధనం. 16 ఆంపియర్ల ఎంసీబీ, మనిషి ప్రాణం తీసే పావు ఆంపియరును గుర్తించనైనా గుర్తించదు. మనిషిని కాపాడేవి రెండు: ఎర్త్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. గీజరులోని ఎలిమెంటు చిట్లి విద్యుత్తు నీటికీ ట్యాంకుకూ చేరితే, ఎర్త్ తీగ దానిని భూమిలోకి మళ్లిస్తుంది. ఆ లీకేజీని గుర్తించి, సెకనులో మూడో వంతు లోపే ఆర్‌సీసీబీ సరఫరాను నిలిపివేస్తుంది.

అర్హుడైన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఈ విషయాలు నిర్ధారించుకోండి. 2000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక 6 ఆంపియర్ల సాకెట్టు పనికిరాదు. 16 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్టు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉండాలి. ఎర్త్ లేదని న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలపడం ప్రమాదకరం. న్యూట్రల్ తెగిననాడు ట్యాంకంతటికీ విద్యుత్తు పాకుతుంది. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఆపే స్విచ్చును స్నానాల గది వెలుపల పెట్టించండి. ఆర్‌సీసీబీపై ఉన్న టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి చూడండి. అది పడిపోకపోతే మార్పించండి. ఇవన్నీ ఉన్నా, గీజరును ఆపిన తరువాతనే స్నానానికి వెళ్లండి.

కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందని కొందరు నవ్వుతూ చెబుతారు. అది వ్యాధికి తొలి లక్షణం వంటిది. ఆ రోజే గీజరు వాడకం మానండి.

ఎవరైనా షాకుకు గురైతే ముందుగా మెయిన్ ఆపండి; అంతవరకు వారిని తాకకండి. స్పృహ, శ్వాస లేకుంటే 108కు ఫోన్ చేయించి, ఛాతీ నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. సహాయం అందేవరకు ఆపవద్దు.