గుండ్రని కణాలు

6 మే 2024, సోమవారం

ల్యాబులో పొద్దున్నుంచి మూడు ప్రెగ్నెన్సీ స్ట్రిప్పులు. పొట్లదుర్తి నుంచి వచ్చిన పిల్లకు మాత్రం రెండు గీతలు. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, నేనేదో ఇచ్చినట్టు.

సాయంత్రం షట్టర్ సగం దించి నాది చూసుకున్నా. సీ అక్షరం దగ్గర ఒక్కటే గీత. ఐదు నిమిషాలు. పది. ఆలస్యంగా పడే గీతను నమ్మొద్దని అందరికీ చెప్పేది నేనే. అయినా చూస్తానే కూచున్నా.

పెళ్లై ఆరేళ్లు.

9 మే, గురువారం

కరెంటు లేదు. ఎండకు ఎర్రగుంట్ల బజారులో మనిషన్నోడు లేడు. పాత నోట్సు తీసినా. 1975, కేంబ్రిడ్జ్, కోహ్లర్, మిల్‌స్టీన్. ఎలుక ప్లీహంలో కణాన్ని, చావెరగని క్యాన్సర్ కణంతో కలిపేసినారు. అట్లా పుట్టిన ఒక్క కణం వంశమంతా ఒకే యాంటీబాడీ చేస్తుంది. అది ఒక్కదాన్నే పట్టుకుంటుంది, ఇంకోదాని జోలికి పోదు. మోనోక్లోనల్. 1984లో నోబెల్. నిన్న మొన్న నా బల్ల మీద పడిన గీతల వెనకుండేది అదే.

మార్కుల కోసం బట్టీ పట్టినా అప్పుడు. వంశం అనే మాట ఇప్పుడు చదివితే వేరేగా ఉంది.

19 మే, ఆదివారం

పులివెందులలో పేరు పెట్టే ఫంక్షన్. బిడ్డను నా ఒళ్లో పెట్టబోయి ఎవరో ఆగినారు. ఎవరో చూడలేదు, చూడబుద్ధి కాలేదు.

తిరుగు బస్సులో అత్త, మెల్లగా: "శ్రావణం వస్తానే శనివారం గండికి పోదాం మ్మే. ఆంజనేయస్వామికి మొక్కుకుందాం."

సరే అన్నా. నాకు స్కానింగులు, ట్యూబుల టెస్టు, ఎన్నిసార్లు రక్తం తీసినారో. ఆయనకు ఒక్కటీ లేదు. అది అత్తకు తట్టలేదా? తట్టినా...

8 జూన్, శనివారం

ఆయన్ను టెస్టు చేయించుకోమని అడిగేసినా. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయినాడు. "నాకేం తక్కువ?" అంతే. తర్వాత మాటల్లేవు.

ప్రొద్దుటూరులో ఇస్తే తెలిసినోళ్లు ఎవరన్నా చూస్తారని భయం. అది నాకు తెలుసు. ఆయన చెప్పకపోయినా తెలుసు.

లైటు ఆర్పినాక, గోడవైపు తిరిగి: "నువ్వే చూస్తావా? ఎవరూ లేనప్పుడు?"

16 జూన్, ఆదివారం

ల్యాబుకు సెలవు. డబ్బా చొక్కా లోపల, ఒంటికి ఆనించి తెచ్చినాడు. నేను చెప్పినట్టే. బయట నాపరాయి బండ మీద కూచున్నాడు. పలచబడేదాకా అరగంట ఆగల్ల. ఆ అరగంటలో గాజు పలకలన్నీ రెండోసారి తుడిచినా.

ఎన్ని వందల మందివి లెక్కపెట్టి ఉంటా. ఈరోజు వరుస తప్పి మళ్లీ మొదటి గడి నుంచి.

మిల్లీలీటరుకు అరవై లక్షలు. డబ్ల్యూహెచ్‌ఓ 2021 పుస్తకంలో కింది హద్దు కోటీ అరవై లక్షలు. కదిలేవీ తక్కువే. గుండ్రని కణాలు చానా.

చెప్పినా. "అరవై లక్షలంటే తక్కువనా?" అన్నాడు. నిజంగానే అడిగినాడు. నా దగ్గర జవాబు లేదు. పక్కన కూచున్నా. సిమెంటు లారీలు పోతానే ఉన్నాయి.

17 జూన్, సోమవారం

ఆ గుండ్రనివి నిద్రపోనీలేదు. తెల్ల రక్తకణాలా? తోక రాకముందే, ఎదగకముందే రాలిపోయిన వీర్యకణాలా? నా మైక్రోస్కోపు కింద రెండూ ఒక్క తీరే. మొదటివైతే ఇన్ఫెక్షన్ కావచ్చు. రెండోవైతే తయారీలోనే ఏదో దెబ్బ. సీడీ45 మీద చేసిన మోనోక్లోనల్ యాంటీబాడీ పోస్తే తెల్లకణాలకే రంగు పడుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ మాన్యువల్‌లో పద్ధతి ఉంది. మా ల్యాబులో లేదు.

ఇన్నేళ్లూ రిపోర్టుల్లో ఏం రాసినా? "పస్ సెల్స్". తేల్చుకోకుండా. ఆ కాగితం చూసి ఎంతమంది అక్కర్లేని యాంటీబయాటిక్ మింగినారో. అది నా రాతే.

29 జూన్, శనివారం

సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ దగ్గర నుంచి ప్యాకింగ్ వైపు మారినాడు ఆయన. ఏం చెప్పి అడిగినాడో. కిల్న్ లోపల 1450 డిగ్రీలు. ఈయన నిలబడేది బయటే, అయినా ఆ సెగ. వృషణాలు ఒంటికంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండల్ల. కారణం అదేనని నేను చెప్పలేదు. చెప్పలేను. కణం తయారవడానికే రెండున్నర నెలలు. సెప్టెంబర్‌లో మళ్లీ.

14 జూలై, ఆదివారం

ఫోన్‌లో చదువుతా రాత్రి ఒంటిగంట. వర్జీనియాలో జాన్ హెర్ ల్యాబు. ఎంహెచ్ఎస్-10 అనే యాంటీబాడీ. వీర్యకణం తల మీద టోపీ లాంటి ఆక్రోసోమ్‌లో ఉండే ఎస్‌పీ-10 ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఆ జన్యువు మీద పేపర్లలో పి. ప్రభాకర రెడ్డి అని ఒక పేరు. ఆ పేరు దగ్గర కాసేపు ఆగినా.

ఆ ప్రోటీన్ కణం గుండ్రంగా ఉన్నప్పుడే మొదలవుతుందంట. తోక రాకముందే! అంటే గుండ్రనిదాన్నీ నీదే కులం అని అడగొచ్చు.

ఆ ప్రోటీన్ ఆధారంగానే మగవాళ్లు ఇంట్లో చూసుకునే స్ట్రిప్పు కూడా చేసినారు. మిల్లీలీటరుకు రెండు కోట్లు దాటితే గీత. మా బజారు మందుల షాపుల్లో ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్లదైతే ఏ షాపులోనైనా, అడగకముందే కాగితంలో చుట్టిస్తారు.

17 ఆగస్టు, శనివారం

గండి. జనం. అత్త నన్ను ముందుకు తోసి, "మొక్కుకో మ్మే" అంటాంటే ఆయన వెనక నుంచి, మామూలు గొంతుతో: "మా, నావే తక్కువున్నాయంట. ఈమెదేం లేదు."

అత్త ఆయన్ను చూసింది. నన్ను చూసింది. ఏమీ అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కొబ్బరి చిప్ప పగలగొట్టి మొదటి ముక్క నా చేతిలో పెట్టింది.

22 సెప్టెంబర్, ఆదివారం

కోటీ పది లక్షలు. రెండుసార్లు లెక్కపెట్టినా. ఇంకా హద్దుకు కిందే. గుండ్రనివి ఉన్నాయి, తక్కువ. కిల్న్ వల్లనా, ఊరికే ఆ రోజు వల్లనా?

ఈసారి ఆయన లోపలికొచ్చి మైక్రోస్కోపుకు కన్ను ఆనించి చూసినాడు. చానాసేపు. "ఈతకొడతాండాయే" అన్నాడు.

23 సెప్టెంబర్, సోమవారం

రిపోర్టు ఫారంలో "పస్ సెల్స్" కొట్టేసినా. "గుండ్రని కణాలు, ఏవో తేల్చలేదు" అని రాస్తాండా. డాక్టరు ఫోన్ చేసి ఇదేంది అని అడిగినాడు. చెప్పినా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత అట్లనే రాయి అన్నాడు.

మధ్యాహ్నం జమ్మలమడుగు నుంచి ఒకాయన వచ్చినాడు, టెస్టుకు. పెళ్లై ఏడాదంట. వెంట భార్య లేదు, ఆమెకింకా ఏ టెస్టూ చేయించలేదు. ముందు తనదే చూడమన్నాడు.