ఎనిమిది సెకన్ల ఊపిరి

మా పిన్ని మద్రాసులో సినిమా పాటలకి కోరస్ పాడేది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మా ఇంట్లో ఈ మాటని ఎప్పుడూ ఇంత తిన్నగా చెప్పుకోలేదు. తెనాలిలో ఎవరైనా అడిగితే "మా చెల్లెలు పిల్లలకి సంగీతం చెబుతుంది" అనేది అమ్మ. 1984లో నా పెళ్ళిచూపులప్పుడూ అదే చెప్పింది. నేను తల వంచుకుని కూర్చున్నాను. పెళ్ళికూతురు తల వంచుకోవడం ఎలాగూ ఆచారమే కాబట్టి ఆ అబద్ధంలో నా వాటా ఎవరికీ కనబడలేదు.

ఇదంతా నాకు గుర్తు చేసింది ఒక పాత వాయిద్యం. 2018లో మా అమ్మాయి దగ్గర, బర్మింగ్‌హామ్‌లో, కొన్ని నెలలున్నాను. వాళ్ళ స్నేహితుడొకాయన పాత కీబోర్డులు బాగుచేస్తాడు. నాకు చిన్నప్పుడు హార్మోనియం వచ్చని అమ్మాయి చెప్పిందేమో, ఒక ఆదివారం తన షెడ్డుకి రమ్మన్నాడు. అక్కడ తెల్లటి చెక్కపెట్టె ఒకటుంది. దాని మీద ముప్ఫై అయిదు మెట్లు. పేరు మెల్లోట్రాన్, మోడల్ ఎమ్ 400. "ఇది ఈ ఊరి బిడ్డే, వాయించండి" అన్నాడు.

ఒక మెట్టు నొక్కాను. లోపల్నుంచి కొందరు మనుషులు "ఆ..." అన్నారు. హార్మోనియంలా కాదు, సింథసైజర్‌లా కూడా కాదు. గుంపుగా నిలబడి పాడుతున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ. గొంతులు కొంచెం వణుకుతున్నాయి, ఏదో తడిగోడ అవతల్నుంచి వస్తున్నట్టున్నాయి. వేలు తియ్యబుద్ధి కాలేదు. అలాగే పట్టుకున్నాను. కాసేపటికి గొంతులు టక్కున ఆగిపోయాయి. మెట్టు నా వేలి కిందే ఉంది, శబ్దం మాత్రం లేదు. నేనేదో పాడుచేశానని భయపడ్డాను. ఆయన నవ్వి, "అంతే, ఎనిమిది సెకన్లే. వేలు తీసి మళ్ళీ నొక్కండి" అన్నాడు.

పైమూత తీసి చూపించాడు. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. ఒక్కో ముక్క మీద ఒక్కో స్వరం, ఎవరో ఒకప్పుడు నిజంగా పాడినదో వాయించినదో. మెట్టు నొక్కగానే టేపు వెళ్ళి హెడ్‌కి ఆనుతుంది. తిరుగుతున్న ఇరుసు దాన్ని లాగుతుంది. వేలు తీస్తే స్ప్రింగు టేపుని వెనక్కి లాగేసి మళ్ళీ మొదటికి తెస్తుంది. టేపుని గుండ్రంగా అతికించి ఆగకుండా తిప్పొచ్చు కదా అనడిగాను. అలా చేస్తే మొదలు పోతుందన్నాడు. కమాను తీగని తాకే క్షణం, పాడేవాళ్ళు నోరు తెరిచే క్షణం ఉండవు. ఆ మొదలు కోసమే ఎనిమిది సెకన్ల హద్దు ఒప్పుకున్నారు. టేపు మీద మూడు వరసలుంటాయి, మూడు రకాల ధ్వనులు. వాటిని మార్చే మీట మీద ఎ, బి, సి అని మాత్రమే రాసుంది. పాడినవాళ్ళ పేర్ల గురించి నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

దీని చరిత్రలో పేర్ల సంగతే ఒక కథ. మొదట ఈ ఆలోచన కాలిఫోర్నియాలో హారీ చాంబర్లిన్‌ది. 1962లో ఆయన దగ్గర పనిచేసిన బిల్ ఫ్రాన్సెన్ అనే సేల్స్‌మన్ రెండు యంత్రాలు తీసుకుని ఇంగ్లండు వచ్చాడు. ఒకే రకం టేపు హెడ్‌లు డెబ్భై కావాలని వెతుక్కుంటూ బర్మింగ్‌హామ్‌లోని బ్రాడ్లీ అన్నదమ్ముల దగ్గరికి చేరాడు. ఆలోచన అతనిది కాదని వాళ్ళకి మొదట్లో తెలీదు. 1963లో మెల్లోట్రాన్ తయారైంది. సంగతి బయటపడ్డాక చాంబర్లిన్‌తో డబ్బు మీద ఒప్పందం కుదుర్చుకున్నారు. పేరు పోగొట్టుకున్న ఆయన కనీసం వచ్చి బేరమాడగలిగాడు. మెట్ల కింద ఉన్న గొంతులకి ఆ వీలు కూడా లేదు.

1967లో బీటిల్స్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' మొదట్లో వినబడే వేణువులు ఇవే. మూడీ బ్లూస్‌లో దీన్ని వాయించిన మైక్ పిండర్ అంతకుముందు ఈ ఫ్యాక్టరీలోనే పనిచేశాడు. 1969లో కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ నిండా దీని వయొలిన్లే. ఆ ఏళ్ళలోనే బ్రిటన్‌లోని సంగీతకారుల యూనియన్ దీన్ని చూసి కంగారు పడింది. ఒక్క మనిషి, ఒక్క పెట్టె ఉంటే వాద్యబృందం ఎందుకన్న ప్రశ్న వాళ్ళకి ముందే వినబడింది.

ఆ ప్రశ్న మా పిన్నిని చేరడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. బాబాయి మద్రాసులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఆ జీతం ఇంటద్దెకి సరిపోయేది. మిగిలినదంతా పిన్ని కాల్‌షీట్ల మీదే నడిచేది. పొద్దున్నే తల దువ్వుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, వడపళని వైపు బస్సెక్కేది. అందరితోపాటు ఒకే మైకు ముందు నిలబడి "ఆ...", "ఓ...", అప్పుడప్పుడు "ఔనౌనే చెలీ" లాంటి మాటలు పాడి రావడం. 1980ల చివరికొచ్చేసరికి థియేటర్లలోకి కొత్త కీబోర్డులొచ్చాయి. వాటిలో కోరస్ ఒక మీట. పిన్నికి "వద్దు" అని ఎవరూ చెప్పలేదు. పిలవడం మానేశారు, అంతే.

నేనప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. అంశం స్త్రీల కవిత్వంలో స్వరం. 'గొంతు విప్పడం', 'మూగబోయిన గొంతులు' అనే మాటలు పేజీకి నాలుగుసార్లు రాశాను. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు రాత్రుళ్ళు మేలుకుని చదివినవాళ్ళలో నేనూ ఉన్నాను. పెద్దమ్మల్నీ అమ్మమ్మల్నీ కూర్చోబెట్టి, టేపు తిప్పి, వాళ్ళ మాటని చరిత్రగా నిలబెట్టిన పుస్తకమది. ఆ ఊపులో నేనూ ఒక టేప్ రికార్డర్ కొన్నాను. 1987లో పిన్ని హైదరాబాదు వచ్చినప్పుడు అది పనిచేస్తోందో లేదో చూడటానికి ఆమె చేత పాడించాను. అరగంట పాడింది. సినిమాల్లో తను పాడిన ముక్కలన్నీ, పైపాట లేకుండా, ఒట్టి కోరస్ వరసలు. వింతగా ఉండేవి. ఎవరి మాటకో ఊకొడుతున్నట్టు, అసలు మాట లేనట్టు.

"నీ పేరు వేయరా పిన్నీ?" అనడిగాను. "పేరెందుకే, డబ్బులు టైముకిస్తే చాలు" అంది. నా థీసిస్‌లో ఈ జవాబుకి చోటు లేదు. పేరు కోసం తపించని స్త్రీని ఎక్కడ పెట్టాలో నాకు తెలీలేదు. ఇంకోటి కూడా చెప్పింది. కోరస్‌లో అందరూ ఒకేసారి ఊపిరి తీస్తే పాట తెగిపోతుందట. పక్కనామె గొంతు నిలిపి ఉంచినప్పుడు నువ్వు తీసుకోవాలి, నీ వంతప్పుడు నువ్వు నిలపాలి. "మొదట నేర్చుకోవాల్సింది పాట కాదే, పక్కదాని ఊపిరి వినడం" అంది. దాన్నీ నేను రాసుకోలేదు.

బర్మింగ్‌హామ్ షెడ్డులో ఆయన మెల్లోట్రాన్ ముందు కూర్చుని ఒక నిదానమైన పాట వాయించాడు. ధ్వని ఎక్కడా ఆగలేదు. ఎనిమిది సెకన్లే కదా, ఎలా అని వేళ్ళు చూశాను. నాలుగు మెట్లూ ఒకేసారి వదలడు. మూడు పట్టుకుని ఒకటి వదిలి మళ్ళీ నొక్కుతాడు, తర్వాత ఇంకోటి. సాలీడు నడిచినట్టు వేళ్ళు నడుస్తాయి. పిన్ని చెప్పింది అదే. ముగ్గురు నిలిపి ఉంచితే ఒకరు ఊపిరి తీసుకోవడం. మనుషుల్ని విడదీసి, ఒక్కో స్వరాన్ని ఒక్కో టేపుకి కట్టేసినా, వాళ్ళ చేత మళ్ళీ పాడించాలంటే వాళ్ళ పద్ధతే నేర్చుకోవాల్సి వచ్చింది.

తిరిగొస్తూ అమ్మాయితో అన్నాను, ఆ పాడినవాళ్ళ పేర్లు పెట్టె మీద ఎక్కడా లేవని. "డబ్బిచ్చారు, పాడారు. ఇంకేం కావాలమ్మా?" అంది. పిన్ని మాటే. కానీ పిన్నికి ఆ మాట అనే హక్కుంది, మా అమ్మాయికీ నాకూ లేదనిపించింది. బర్మింగ్‌హామ్ పక్కనే కోవెంట్రీ. డీలియా డెర్బీషైర్ పుట్టిన ఊరు. 1959లో డెక్కా రికార్డుల కంపెనీ తమ స్టూడియోలో ఆడవాళ్ళని పెట్టుకోమని ఆమెని పంపేసింది. తర్వాత బీబీసీలో, 1963లో, టేపు ముక్కలు కోసి అతికించి, స్వరం తర్వాత స్వరం, 'డాక్టర్ హూ' సంగీతం తయారు చేసింది. తెర మీద వేసింది బాణీ కట్టిన రాన్ గ్రైనర్ పేరూ, ఆమె పనిచేసిన విభాగం పేరూ. ఆమె పేరు 2013లో పడింది. ఆమె 2001లోనే చనిపోయింది. పేరు అడగనివాళ్ళకీ, అడిగినా దక్కనివాళ్ళకీ చివరికి మిగిలేది ఒకటే అయినప్పుడు, "ఆమే వద్దంది" అనే మాట ఎవరికి ఉపయోగపడుతుంది?

ఈ ప్రశ్న వేసే అర్హత నాకూ తక్కువే. 1989లో ఒక పేరున్న రచయిత్రిని ఇంటర్వ్యూ చేస్తుంటే ఖాళీ క్యాసెట్లు అయిపోయాయి. సంచిలో పిన్ని క్యాసెట్ ఉంది. ఆలోచించలేదనను. ఆలోచించాను, ఒక్క నిమిషం. పిన్నిది మళ్ళీ ఎప్పుడైనా పాడించుకోవచ్చు అనుకున్నాను. ఆ ఇంటర్వ్యూ అచ్చయింది, థీసిస్‌లో అనుబంధంగా చేరింది. మళ్ళీ పాడించుకోలేదు. పిన్ని 2003లో పోయింది.

బర్మింగ్‌హామ్ నుంచి వచ్చాక ఆ క్యాసెట్ వెతికి తీశాను. రచయిత్రి మాటలు పూర్తవుతాయి, నేను థాంక్స్ చెబుతాను, మీట నొక్కిన చప్పుడు. ఆ తర్వాత పాత టేపు కొంచెం మిగిలింది. పాట కాదు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు, పిన్ని దగ్గు, ఆ పైన ఆమె గొంతు: "ఇంక చాలే. ఆపు. నీ టేపు అయిపోతుంది, రేపు నీకు పనికొస్తుంది."