చెల్లని కట్ట

మా అమ్మకి సంతకం రాదు. వేలిముద్రే. కామందు దగ్గర తెచ్చుకున్న అప్పు నోట్ల మీద, సొసైటీ కాయితాల మీద, నా హాస్టలు దరఖాస్తు మీద ఆమె వేసింది ఆ బొటనవేలే. అప్పు నోటు మీద వేసిన ముద్ర వడ్డీతో సహా చెల్లింది. ఏనాడూ ఎవరూ దాన్ని కాదనలేదు. కాదన్నది ఒక్కచోటే, బ్యాలెట్ కాయితం మీద.

ఆ సంగతి నాకు 1989 నవంబరులో తెలిసింది. శాసనసభకీ పార్లమెంటుకీ ఒకేసారి ఎన్నికలు జరిగిన ఏడాది అది. మాది కాలవ కింద ఊరు, రిజర్వుడు నియోజకవర్గం. గెలుపు పోటీలో ఉన్న ఇద్దరూ మనవాళ్లే. నిలబెట్టినవాళ్లు మాత్రం మనవాళ్లు కారు. నేను డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాను. మా మాదిగపల్లెలో ఇంగ్లీషు చదివి అర్థం చెప్పగలిగినవాణ్ణి నేనే. "నువ్వు రారా, రూల్సు చదివి పెడుదువుగాని" అని ఒక పార్టీ పెద్ద నన్ను కౌంటింగు ఏజెంటుగా రాయించాడు. ఆ పాసు జేబులో పెట్టుకుని పల్లెంతా తిరిగాను. అంత గర్వం నాకు.

కౌంటింగు హాల్లో బల్లలకీ మాకూ మధ్య ఇనప వల కట్టారు. అవతల ఉద్యోగులు ఓట్లను గుర్తులవారీగా వేరుచేసి యాభై చొప్పున కట్టలు కడుతున్నారు. అనుమానం ఉన్న కాయితం రిటర్నింగ్ అధికారి బల్ల మీదికి పోతుంది. ఇద్దరు అభ్యర్థులకి ముద్ర వేసినా, ఇచ్చిన రబ్బరు ముద్ర కాకుండా ఇంకోటి ఏది వేసినా ఓటు చెల్లదు. ముద్ర సరిగ్గా పడకపోయినా, రెండుసార్లు పడినా, ఎవరికి వేశారో స్పష్టంగా తెలిస్తే చెల్లుతుంది. మడతపెట్టినప్పుడు తడి ముద్ర పక్క గుర్తుకి అంటితే అది అద్దంలో బొమ్మలాగా తిరగబడి ఉంటుంది. దాన్నిబట్టి అసలు ముద్ర ఏదో పోల్చుకోవాలి. ఇదంతా ముందు రాత్రి కూర్చుని బట్టీ పట్టాను.

మధ్యాహ్నానికి మా ఊరి పెట్టె మా బల్ల మీదికొచ్చింది. అందులోంచి వేలిముద్రలు బయటపడసాగాయి. ఒకటి, రెండు, పది. రబ్బరు ముద్ర లేదు. గుర్తు మీద నిండుగా బొటనవేలు. ఎందుకలా జరిగిందో తర్వాత తెలిసింది. సంతకం రానివాళ్ల చేత ముందు కౌంటరుఫాయిలు మీద వేలిముద్ర వేయించుకుని, ఆ తర్వాతే ఓటు కాయితం చేతికిస్తారు. వేలికి సిరా ఇంకా ఆరలేదు. అదే వేలు మా ఆడవాళ్లు చాటుకెళ్లి మళ్లీ వేసొచ్చారు. అక్కడ వేలు వెయ్యాలి, ఇక్కడ వెయ్యగూడదు అని వాళ్లకి చెప్పిన నాథుడు లేడు.

మా గుర్తు మీద వేలిముద్ర కనపడితే మా పార్టీవాళ్లు "ఉద్దేశం తెలుస్తానే ఉందిగదండీ, పాపం చదువురానోళ్లు" అన్నారు. అవతలి గుర్తు మీద కనపడితే "రూలు రూలే" అన్నారు. అవతలివాళ్లూ ఇవే మాటలు తిరగేసి అన్నారు. నేనూ అన్నాను. అవతలి గుర్తు మీద వేలు పడిన కాయితం ఒకటి వాళ్ల కట్టలో కలవబోతుంటే, వల సందులోంచి వేలు పెట్టి చూపించి, రూలు నంబరు చెప్పి ఇంగ్లీషులో అరిచాను. అధికారి దాన్ని తీయించి చెల్లనివాటిలో వేయించాడు. మా పార్టీ పెద్ద నా భుజం తట్టాడు. అంతకుముందు ఆయన చెయ్యి ఏనాడూ నా ఒంటిమీద పడలేదు.

సాయంత్రానికి మావాడు కొన్ని వందల ఓట్లు వెనకబడ్డాడు. చెల్లని ఓట్లు మాత్రం వేలల్లో ఉన్నాయి. గొడవ అప్పుడు మొదలైంది. మొత్తాలు చదివాక, ఫలితం ప్రకటించకముందు, కారణాలు చూపించి రాతపూర్వకంగా అడిగితే ఓట్లు మళ్లీ లెక్కపెట్టించొచ్చు. అన్నీ లెక్కపెట్టించాలా, కొన్నేనా, అర్జీ కొట్టెయ్యాలా అనేది రిటర్నింగ్ అధికారి తేలుస్తాడు. ఆ అర్జీ నా చేతే రాయించారు. పొద్దున "రూలు రూలే" అన్న మేమే సాయంత్రం "పేదల ఓట్లు తొక్కేశారు" అని రాశాం. పొద్దున "పాపం చదువురానోళ్లు" అన్న అవతలివాళ్లు సాయంత్రం "ఓడిపోయినోళ్ల ఏడుపు" అన్నారు. కుర్చీలు లేచాయి. పోలీసులొచ్చారు. అర్ధరాత్రి దాకా చెల్లని కట్టలు విప్పి చూశారు. పదో పరకో అటూ ఇటూ మారాయి. ఫలితం మారలేదు.

అదే ఎన్నికల్లో అనకాపల్లి పార్లమెంటు సీటు 9 ఓట్ల తేడాతో తేలింది. అది విన్నాక మా పార్టీ పెద్దలు ఆ వేలిముద్రల గురించి నెల్లాళ్లు ఏడ్చారు. ఆ వేళ్లు ఎవరివో ఒక్కడూ అడగలేదు.

ఇంటికొచ్చి అమ్మని అడిగాను.

"ఓటు ఎట్టా ఏశావమ్మా?"

"ఎట్టా ఏంట్రా, ఏలేసి" అని బొటనవేలు చూపించింది.

"ఎవరికేశావు?"

"అది చెప్పగూడదంటగా" అని నవ్వింది.

నేను అరిచి తీయించిన ఓటు మా అమ్మదేనేమో. కాకపోతే మా పెద్దమ్మది. అదీ కాకపోతే మా ఎదురింటి అవ్వది. నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరిదైనా మా పల్లెదే. చదువుకున్న నా చదువు మొదటిసారి పనికొచ్చింది దాన్ని తీసెయ్యడానికి. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత పంతులు ఉద్యోగం వచ్చింది. 2000 నవంబరులో స్టాఫ్ రూములో పేపరు చూసి మా తోటివాళ్లంతా ఒకటే నవ్వు. "అమెరికావాళ్లకి కూడా ఓట్లు లెక్కపెట్టడం రాదంటయ్యా!" ఆ దేశ అధ్యక్షుడెవరో తేలడం ఒక్క ఫ్లోరిడా రాష్ట్రం లెక్క మీద ఆగింది. కార్డుకి పొడిచిన చిల్లు పూర్తిగా తెగిందా, తునక ఇంకా వేలాడుతోందా అని అధికారులు భూతద్దాలు పెట్టి చూస్తున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఇనప వల గుర్తొచ్చింది.

చదివినకొద్దీ అది మా హాలే అనిపించింది. చిల్లుల కార్డుల దగ్గర డెమోక్రాట్లు ఓటరు ఉద్దేశం చూడమన్నారు, రిపబ్లికన్లు రూలు అన్నారు. విదేశాల్లోని సైనికుల కవర్ల మీద పోస్టు ముద్ర లేదనేసరికి రిపబ్లికన్లు ఉద్దేశం చూడమన్నారు, డెమోక్రాట్ల లాయర్లు రూలు తీశారు. ఫలితాన్ని ధ్రువీకరించే రాష్ట్ర కార్యదర్శి కాథరీన్ హారిస్ అక్కడ బుష్ ప్రచారానికి సహాధ్యక్షురాలు. గవర్నరు బుష్‌కి సొంత తమ్ముడు. డిసెంబరు 12న సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో మళ్లీ లెక్కింపు ఆగిపోయింది. తేడా 537 ఓట్లు. లెక్కలోకి రాని ఓట్లు సుమారు లక్షా 75 వేలు.

ఆ లక్షా 75 వేలు ఎవరివి? 2001 జూన్‌లో అమెరికా పౌరహక్కుల కమిషన్ నివేదిక చెప్పింది. ఫ్లోరిడాలో నల్లవాళ్ల ఓటు చెల్లకుండా పోయే అవకాశం మిగతావాళ్లకంటే దాదాపు పది రెట్లు. నల్లవాళ్లు ఎక్కువమంది ఉన్న గాడ్స్‌డెన్ కౌంటీలో ఎనిమిదింట ఒక ఓటు పోయింది. దాని పక్కనే రాష్ట్ర రాజధాని ఉన్న లియోన్ కౌంటీ. అక్కడ తప్పు గుర్తు పెడితే పోలింగు కేంద్రంలోని యంత్రం కాయితాన్ని వెంటనే వెనక్కిచ్చేది, ఓటరు దిద్దుకునేవాడు. గాడ్స్‌డెన్‌లో కాయితాలన్నీ ఒకచోటికి చేర్చాక లెక్కపెట్టారు. తప్పు పోయిందని ఓటరుకి చెప్పే దిక్కు లేదు. డువాల్ కౌంటీలో అధ్యక్ష అభ్యర్థుల పేర్లు రెండు పేజీల్లో అచ్చేశారు. ప్రతి పేజీలోనూ ఓటెయ్యమని నమూనా బ్యాలెట్‌లో చెప్పారు. చెప్పినట్టే రెండు పేజీల్లోనూ వేసినవాళ్ల ఓటు పోయింది. ఆ కౌంటీలో మొత్తం సుమారు 27 వేలు పోయాయి. నల్లవాళ్ల పేటల్లో మరీ ఎక్కువ. అయినా డెమోక్రాట్లు చేత్తో లెక్కపెట్టమని కోరిన నాలుగు కౌంటీల్లో డువాల్ లేదు, గాడ్స్‌డెన్ లేదు.

2001 జనవరి 6న ఫలితాన్ని ఆమోదించే ఉభయసభల సమావేశంలో నల్లజాతి సభ్యులు ఒక్కొక్కరే లేచి అభ్యంతరం చెప్పారు. అది చెల్లాలంటే ఒక సెనేటరు సంతకం కావాలి. నూరుమందిలో ఒక్కరూ పెట్టలేదు. సభ నడుపుతున్నది ఓడిపోయిన అల్ గోరే. నియమం చెప్పి వాళ్లను కూర్చోబెట్టాడు.

మనకి ఇది కొత్త కాదు. 1952లో బొంబాయి సిటీ నార్త్‌లో బాబాసాహెబ్ 14,561 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అక్కడ లెక్కలోకి రాకుండా పోయిన ఓట్లు 74,333. ఆయనా అశోక్ మెహతా కలిసి పిటిషన్ వేశారు. ఫలితం మారలేదు. ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకి ఒక విలువ అని మనకి నేర్పిన మనిషికే చెల్లని కట్ట అడ్డమొచ్చింది.

పోలింగు డ్యూటీకి వెళ్లిన ప్రతిసారీ నేను ఒక గుడ్డముక్క వెంట తీసుకుపోయేవాణ్ణి. "ఏలు తుడుచుకో అమ్మా. ఇప్పుడీ ముద్ర పట్టుకో, దీంతోనే గుద్దు" అని ప్రతి ముసలమ్మకీ చెప్పేవాణ్ణి. "ఏం మాస్టారూ, పాఠం చెబుతున్నారా" అని రెండు పార్టీల ఏజెంట్లూ నవ్వేవాళ్లు. ఈ ఒక్కదాంట్లో వాళ్లిద్దరిదీ ఒకటే మాట.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీ ఎన్నికలకి ఇంకా కాయితమే. మీరు చదువుకున్నవాళ్లు. రేపు ఏదో ఒక పార్టీ మీ చేతికీ ఏజెంటు పాసు ఇస్తుంది, భుజం తడుతుంది. మళ్లీ లెక్కపెట్టమని అర్జీ రాసేముందు ఆ కట్టలో ఉన్నవి ఏ పల్లె ఓట్లో చూడండి. అంతకంటే ముందు, పోలింగు ముందురోజు ఆ పల్లెకి వెళ్లి ముద్ర ఎట్టా వెయ్యాలో చూపించండి.

అమ్మ ఆఖరిసారి ఓటేసింది 2004లో, మిషను మీద. బటను నొక్కితే అది కూసింది. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని అడిగింది: "ఈసారి చెల్లుద్దా నాయనా?"

ఆ 1989 సంగతి నేను ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.