లాగేదా, విసిరేదా?

గత సంవత్సరం మా అమ్మాయి కొనదలచిన రైఫిల్ విషయమై మా యింట్లో మూడు వారాలపాటు వాదోపవాదాలు నడిచాయి. యాభై మీటర్ల పోటీలలో పాల్గొనే స్థాయికి వచ్చింది కనుక, ఇక క్లబ్బు రైఫిల్‌తో నెట్టుకురావడం కుదరదని శిక్షకుడు చెప్పాడు. లైసెన్సు కాగితాల తతంగం ఒక యెత్తు. అది ముగిసిన తరువాత తేలవలసిన చిన్న ప్రశ్న మరొక యెత్తయి కూర్చున్నది. అమ్మకానికి వచ్చిన రెండు రైఫిళ్ళూ పాతవే, రెండూ .22 బోరువే, రెండింటిలోనూ ఒక్కసారికి ఒక్క తూటాయే పడుతుంది. తేడా అంతా ఒక్కచోటనే ఉన్నది. మొదటిదానికి ఎజెక్టర్ ఉన్నది. రెండవదానికి ఎక్స్‌ట్రాక్టర్ మాత్రమే ఉన్నది.

ఈ మాటలు పరిచయం లేని పాఠకులకోసం రెండు ముక్కలు చెప్పాలి. తూటా పేలి గుండు ముందుకు వెళ్ళిపోయాక, దాని ఇత్తడి తొడుగు గొట్టం వెనుక భాగంలో, అంటే చేంబర్‌లో, మిగిలిపోతుంది. తొడుగు అంచును కొక్కెంతో పట్టుకుని కొంతదూరం వెనక్కు లాగి వదిలేది ఎక్స్‌ట్రాక్టర్. ఆపైన దానిని మనమే వేళ్ళతో తీసుకోవాలి. అలా లాగిన తొడుగును ఒక్క తాపు తన్ని బయట పారవేసేది ఎజెక్టర్. ఒకటి అతిథిని గుమ్మం దాకా సాగనంపుతుంది; రెండవది వీధిలోకి నెట్టి తలుపు వేసుకుంటుంది.

ముప్పై యేళ్ళకు పైగా యంత్రాల నడుమ బతికినవాడిని కనుక, నా వోటు సహజంగానే ఎజెక్టర్‌కే పడింది. మనిషి చేయవలసిన పని ఒకటి తగ్గుతున్నదంటే అది అభివృద్ధియే అన్నది మా తరం ఇంజనీర్ల నరాలలో జీర్ణించిన నమ్మకం. పైగా తొడుగు ఇరుక్కునే ప్రమాదం కూడా ఎజెక్టర్‌తో తగ్గుతుందని అమ్మాయికి ధీమాగా చెప్పాను. ఆ రాత్రి పడుకున్న తరువాత ఆ మాట నాకే మింగుడుపడలేదు. లేచి కాగితం మీద బొమ్మ వేసుకుని చూస్తే తెలిసింది, నేను చెప్పినది శుద్ధ తప్పు.

ఇరుక్కోవడానికి కారణం వేరు. పేలుడు ఒత్తిడికి పలుచని ఇత్తడి ఉబ్బి చేంబర్ గోడలకు అతుక్కుంటుంది. వాయువు వెనక్కు రాకుండా అడ్డుకునేది అదే. ఆ క్షణంలో ఉక్కు గోడ కూడా రవంత సాగుతుంది. ఒత్తిడి తగ్గగానే రెండూ వెనక్కు వస్తాయి. ఉక్కు స్థితిస్థాపక గుణకం ఇత్తడికి దాదాపు రెట్టింపు. అయినా ఇక్కడ లెక్కకు వచ్చేది ఎవరు ఎంత వెనక్కు రాగలరన్నదే. గట్టిపరచిన ఇత్తడి ఉక్కుకంటె కొంచెం ఎక్కువగా ముడుచుకుంటే సన్నని సందు ఏర్పడి తొడుగు వదులవుతుంది. ఇత్తడి మెత్తనిదైనా, ఒత్తిడి మితిమీరినా, అది సాగిన చోటనే ఉండిపోతుంది. ఉక్కు మాత్రం స్వస్థానానికి వచ్చి దానిని పిడికిట బిగిస్తుంది. అల్యూమినియం పోతలో లోహం చల్లబడి అచ్చు నడిమి దిమ్మెను కరచుకుని ఎజెక్టర్ పిన్నులను వంచివేయడం చూసిన మన ఫౌండ్రీ సోదరులకు ఇది వేరుగా వివరించనక్కరలేదు. బిగిసిన తొడుగును తొలి వెంట్రుకవాసి కదిలించడమే అసలు కష్టం. ఆ పని ఎక్స్‌ట్రాక్టర్‌ది. ఎజెక్టర్ రంగప్రవేశం చేసేసరికి కష్టమంతా గట్టెక్కి ఉంటుంది. బిగిసిన తొడుగు ముందు ఎజెక్టర్ స్ప్రింగు దండగ.

బోల్టు రైఫిల్‌లో పిడిని పైకి తిప్పేటప్పుడే ఒక ఏటవాలు అంచు బోల్టును బలంగా, కొద్దిగా వెనక్కు జరుపుతుంది. స్క్రూ జాకీలో ఉన్న సూత్రమే ఇది. కిందికి దిగే దిమ్మె గల పాత ఒంటి తూటా రైఫిళ్ళకు ఈ సౌకర్యం లేదు. దీనికి చరిత్రలో పేరుమోసిన ఉదాహరణ బ్రిటిష్ సైన్యం 1871లో స్వీకరించిన మార్టినీ-హెన్రీ. అమెరికాకు చెందిన పీబాడీ 1862లో పేటెంటు పొందిన ఏర్పాటును స్విట్జర్లాండులో పనిచేసిన మార్టినీ మెరుగుపరచగా, ఎడింబరో నగరవాసి హెన్రీ గొట్టంలోని గాడులు సమకూర్చాడు. కింది లివర్‌ను దించితే దిమ్మె ముందుభాగం వాలి, ఒక వంకర లివర్ కాలి మీద పడుతుంది. దాని పై చేతులు తొడుగు అంచును వెనక్కు తన్నుతాయి. లాగడం, విసరడం రెండూ ఆ ఒక్క ముక్కదే. లివర్‌ను మెల్లగా దించితే తొడుగు మెల్లగా వస్తుంది, విసురుగా దించితే ఎగిరి పడుతుంది. డ్రాయింగు చూస్తే ఎంత ముచ్చట వేస్తుందో! కాని దాని తూటా తొడుగు పలుచని ఇత్తడి రేకును చుట్టచుట్టి, ఇనుప అడుగు బిగించి చేసినది. 1885 జనవరిలో సూడాన్‌లోని అబూ క్లియా యుద్ధంలో, ఇసుకకూ వేడికీ తూటాలు లోపల బిగుసుకుని, శత్రువు మీద పడుతుండగా సైనికులు నిస్సహాయులయ్యారు. తరువాత తొడుగును గట్టి ఇత్తడితో ఏకముక్కగా తీశారు. రైఫిల్ నాలుగవ నమూనాకు పొడవైన లివర్ పెట్టారు. ఎక్కువ ఎగరవేయడానికి కాదు, ఎక్కువ బలంతో లాగడానికి.

ఇది అర్థమైన మరునాడు అమ్మాయి దగ్గర నా పొరపాటు ఒప్పుకున్నాను. అయినా ఎజెక్టర్ పక్షం వదలలేదు. బోర్లా పడుకుని కాల్చేవారికి కదలికలు ఎంత తగ్గితే అంత మంచిది కదా అన్నాను. అందులో నిజం లేకపోలేదు. చేతులకు తొడుగులు వేసుకునే చలి దేశాలలో, వేళ్ళు కొంకర్లుపోయే వేళ, పొట్టి తొడుగును పట్టి తీయడం సులభం కాదు. గాయపడిన మృగం ఎదురుగా ఉన్న వేటగానికైతే రెండవ గుండే ప్రాణం. మనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఆ ప్రసక్తి లేదు, ఉండకూడదు కూడా.

ఆమె ప్రశ్న ఒక్కటే: “నాన్నా, రెండవ గుండుకు తొందర ఏమున్నది?”

తరువాత తన లెక్కలు చెప్పింది. తూటాల పెట్టెలో వరుసగా గుంటలుంటాయి. కాల్చిన తొడుగును తీసిన గుంటలోనే తిరిగి పెడితే ఎన్ని అయినవో కంటికి కనబడుతుంది. కాగితపు లక్ష్యాల మీద లెక్క తప్పితే మార్కులు పోతాయి. ఎగిరిన తొడుగు పక్కవాడి మోచేతి మీదనో మెడ మీదనో పడితే వాడి గుండు చెడుతుంది, తన మనసు చెడుతుంది. అన్నిటికంటె ముఖ్యం, తూటా పేలనప్పటి సంగతి. .22 తూటాలలో మందు అంచు మడతలో ఉంటుంది కనుక అప్పుడప్పుడు దెబ్బ తిన్నా అంటుకోదు. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగి తెరిచిన తరువాత, ఆ ప్రాణమున్న తూటా గచ్చు మీదికి ఎగిరిపోవడం మేలా, వేళ్ళ మధ్యకు రావడం మేలా? చేతికి వస్తే సూది గుర్తు అంచు మీద పడిందో లేదో చూసి దోషం తూటాదో రైఫిల్‌దో తేల్చుకోవచ్చు. తొడుగు తీసే ఆ రెండు క్షణాలలోనే తన ఊపిరి కుదుటపడుతుందని కూడా అన్నది. దానికి నా దగ్గర ఫార్ములా లేదు.

కావాలంటే రెండూ ఒకే రైఫిల్‌లో ఉండవచ్చు. 1967లో అమెరికాలో వచ్చిన రూగర్ నంబర్ వన్ అటువంటిదే. స్కాట్లాండువాసి ఫార్కర్సన్ 1872 నాటి పేటెంటు స్ఫూర్తితో చేసిన ఆ రైఫిల్‌లో, తొడుగు ఎగిరిపోవాలో ఊరికే బయటికి రావాలో యజమానియే సర్దుకోవచ్చు. తొడుగులలో మళ్ళీ మందు కూరుకునేవారు వాటిని గడ్డిలో వెదుక్కోవడానికి ఇష్టపడరు మరి. నిర్ణయాన్ని వాడేవాడికే వదిలిన ఆ రూపకర్తకు మనసులో నమస్కరించాను.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో యాభై మీటర్ల రైఫిల్ పోటీలో స్వప్నిల్ కుసాలే, మనలాగే ప్రభుత్వరంగ జీతగాడు, రైల్వే ఉద్యోగి, కాంస్యం గెలిచిన నాటినుంచి మా అమ్మాయికి వేరే మాట లేదు. చివరకు ఎక్స్‌ట్రాక్టర్ రైఫిలే ఇంటికి వచ్చింది. నేను తొందరగా లొంగిపోయానని మా ఆవిడ ఆశ్చర్యపోయింది. దానికి కారణం ఇంట్లో చెప్పలేదు.

1987లో, ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో, ఎన్.సి.సి. శిబిరంలో మాకు పాత .22 రైఫిళ్ళు ఇచ్చారు. నా చేతికి వచ్చినదానిలో ఎజెక్టర్ అసలు లేదో, అరిగిపోయిందో, తొడుగు వెనక్కు వచ్చి ఆగేది. దానిని వేళ్ళతో తీయాలి. మనిషికి అయిదు తూటాలు. కాల్చాక ‘ఖోఖా’లు అయిదూ లెక్కపెట్టి అప్పగించాలి. ఆఖరి తొడుగు గోరువెచ్చగా నా వేళ్ళ మధ్యకు వచ్చింది. చిటికెన వేలి గోరంత వస్తువు. బంగారంలా మెరిసింది. అది జేబులోకి ఎలా వెళ్ళిందో నాకే తెలియదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. మిగిలిన నాలుగింటినీ పక్క మిత్రుడి కుప్పలో కలిపి, ఇద్దరివీ కలిపి పదీ అప్పగించినట్లు నటించాను.

లెక్క ఒకటి తగ్గింది. రెండు గంటలు, మే నెల ఎండలో, ప్లటూను మొత్తం గడ్డిని చేతులతో దువ్వింది. నేనూ దువ్వాను. కుప్ప అప్పగించినవాడు నా మిత్రుడు కనుక హవల్దారు వాడిని నిలదీశాడు. రైఫిల్ తలపైకి ఎత్తిపట్టి మైదానం చుట్టూ పరుగెత్తించాడు. నాలుగవ చుట్టులో పడిపోయి మోకాలు చీరుకుంది. వాడికి నీళ్ళు తీసుకువెళ్ళినది నేనే.

అమ్మాయి రైఫిల్ మొదటిసారి తెరిచి తొడుగును నా అరచేతిలో పెట్టిన రోజున, అదే వెచ్చదనం. ఆ రాత్రి ఆమెకు చెప్పాను. నన్ను తప్పుపట్టలేదు, ఓదార్చనూ లేదు. “ఆయనకు తెలుసా?” అని మాత్రం అడిగింది.

తెలియదు. ఆ మిత్రుడు మన సంస్థలోనే, మరొక యూనిట్‌లో పనిచేస్తున్నాడు. ఈ పత్రిక ప్రతి సంచికా వాడి ఇంటికి వెళుతుంది. ఖోఖా నా బల్ల సొరుగులో, అగ్గిపెట్టెలో దూది మధ్యన ఉన్నది. వచ్చే నెల ఆ ఊరికి డ్యూటీ మీద వెళుతున్నాను, తీసుకువస్తాను.