మా టెస్టర్ ఫెయిల్ చేసిన బోర్డు

పోస్ట్ కాస్త పెద్దదే. ఈసీఈ, ట్రిపుల్‌ఈ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం ఆఖరిదాకా చదవండి. ప్రాజెక్టు మొదలుపెట్టక ముందు ఈ మాట మాకెవరైనా చెప్పి ఉంటే ఒక చెల్లికి అన్యాయం జరిగేది కాదు. అందుకే రాస్తున్నాం.

మేం ముగ్గురం, ముగ్గురమూ హాస్టల్లో ఉండి చదివినవాళ్ళమే. ఫైనల్ ఇయర్‌లో మా ప్రాజెక్టు ఒక టెస్టర్. సెకండియర్ పిల్లలు లాబ్‌లో సోల్డరింగ్ చేసే క్లాక్ డివైడర్ బోర్డు బాగుందో లేదో అది చెప్పాలి. బోర్డు మీద ఎనిమిది టెస్ట్ పాయింట్లు. మాకు దొరికేది ఒక్క ఆసిలోస్కోపు. మధ్యలో అనలాగ్ మల్టీప్లెక్సర్ పెడితే మూడు కంట్రోల్ వైర్లతో ఎనిమిదింట్లో ఏ పాయింటు కావాలంటే దాన్ని స్కోపుకి కలపొచ్చు. అల ఎత్తు 3 వోల్టులు దాటితే పాస్, లేకపోతే ఫెయిల్ అని ప్రోగ్రాం రాశాం.

మల్టీప్లెక్సర్ ఏది తీసుకోవాలి అని మేం ఎక్కువ ఆలోచించలేదు. లాబ్ డ్రాయర్లో సీడీ4051 ఉంది. ఎనిమిది ఛానళ్ళు, 5 వోల్టులకి పనిచేస్తుంది, డబ్బులు పెట్టక్కర్లేదు. ఇంకేం కావాలి అనుకున్నాం.

బోర్డులు ఒక్కోటీ పెట్టాం. అన్నీ పాసయ్యాయి. వాటిలో 4 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంది. అల మూలలు గుండ్రంగా కనిపించాయి, ఎత్తు కూడా మూడున్నర వోల్టుల దగ్గరే ఉంది. 5 ఉండాలి కదా అని మాలో ఒకరు అన్నారు. పాసైంది కదా, వదిలెయ్ అన్నాం మిగతా ఇద్దరం.

ఆ క్రిస్టల్స్ అయిపోయాయని ఒక్క అమ్మాయికి మాత్రం 8 మెగాహెర్ట్జ్‌ది ఇచ్చారు. తనూ మనవాళ్ళ పిల్లే. తన బోర్డు పెడితే 2 వోల్టులే చూపించింది. ఫెయిల్. సోల్డరింగ్ సరిగా లేదేమో చూసుకోమన్నాం. క్రిస్టల్ ఊడదీసి మళ్ళీ అతికింది. ఫెయిల్. మళ్ళీ తీసింది. మూడోసారికి బోర్డు మీది రాగి ప్యాడే లేచిపోయింది. రికార్డులో ఆ ప్రయోగానికి మార్కులు తగ్గాయి. ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మాకెందుకో నిద్రపట్టలేదు. పొద్దున్నే అదే 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో మేమే ఒక బోర్డు చేసి, టెస్టర్ లేకుండా స్కోపు ప్రోబ్‌ని నేరుగా పెట్టి చూశాం. చక్కటి చదరపు అల, నిండా 5 వోల్టులు. అదే బోర్డుని టెస్టర్లో పెడితే 2 వోల్టులు. అంటే ఫెయిలైంది ఆ అమ్మాయి బోర్డు కాదు. మాది.

అప్పుడు డేటాషీటు తెరిచాం. సీడీ4051కి 5 వోల్టుల సప్లైలో ఆన్ రెసిస్టెన్స్ మామూలుగా 470 ఓమ్‌లు. గరిష్ఠంగా వెయ్యి కూడా దాటొచ్చు. ఉమ్మడి పిన్ దగ్గర 30 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంది. మేం స్కోపుకి వేసిన మీటరు పొడవు కేబులు ఇంకో 100, స్కోపు ఇన్‌పుట్ ఇంకో 20. మొత్తం 150 పికోఫారడ్లు.

ఊళ్ళో ఊట నీళ్ళు వెదురు గొట్టంతో తెచ్చుకోవడం మనకి తెలుసు కదా. గొట్టం సన్నగా ఉండి, కింద కుండ పెద్దదైతే నిండడానికి టైం పడుతుంది. రెసిస్టెన్స్ గొట్టం లాంటిది, కెపాసిటెన్స్ కుండ లాంటిది. 8 మెగాహెర్ట్జ్ అల పైకి లేచి ఉండేది 62.5 నానోసెకన్లే. మా కుండ నిండే కాలం, అదే 470ని 150 పికోఫారడ్లతో గుణిస్తే, 70 నానోసెకన్లు. నిండకముందే అల కిందికి దిగిపోతోంది. లెక్క కడితే మా టెస్టర్ బ్యాండ్‌విడ్త్ 2.3 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది.

రివ్యూకి వారమే ఉంది. చెప్పాలా వద్దా అని ముగ్గురం గొడవపడ్డాం. "ఇప్పుడు చెప్తే ప్రాజెక్టే పోతుంది, గుట్టుగా చిప్ మార్చేద్దాం" అన్నారు ఒకరు. చిప్ మార్చగలం, నిజమే. ఆ అమ్మాయి రికార్డులో మార్కులు ఎవరు మారుస్తారు? చివరికి ముగ్గురం కలిసి సార్ దగ్గరికి వెళ్ళి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాం. సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత రికార్డు పుస్తకం తెప్పించి మార్కులు సరిచేశారు. మమ్మల్ని టెస్టర్ మళ్ళీ చేయమన్నారు.

చేశాం. 74హెచ్‌సీ4051 పెట్టాం. పిన్లు అవే, కానీ ఆన్ రెసిస్టెన్స్ 80 ఓమ్‌ల దగ్గర. అదొక్కటే మారిస్తే బ్యాండ్‌విడ్త్ 14 మెగాహెర్ట్జ్ దాకా వచ్చింది. ఎత్తు సరిపోయింది గానీ మూలలు ఇంకా గుండ్రమే. చదరపు అల ఆకారం సరిగా కనపడాలంటే అయిదో హార్మోనిక్ దాకా, అంటే 40 మెగాహెర్ట్జ్ దాకా దారి ఉండాలి. అందుకని మల్టీప్లెక్సర్ పక్కనే వేగంగా పనిచేసే ఆప్‌యాంప్ బఫర్ పెట్టాం. కేబుల్ బరువు బఫర్ మోస్తుంది, మల్టీప్లెక్సర్ మీద పడదు. అప్పుడు కుదిరింది.

మీరు ఎంచుకునేటప్పుడు ఇవి చూసుకోండి:

1. ఆన్ రెసిస్టెన్స్‌ని మీరు వాడే సప్లై వోల్టేజీ దగ్గరే చూడండి. సీడీ4051 ఎక్కువ వోల్టేజీలో చాలా మెరుగు. డేటాషీటు మొదటి పేజీలో రాసేది ఆ మంచి అంకెనే.

2. రెసిస్టెన్స్ తక్కువైతే చాలనుకోవద్దు. లోపలి స్విచ్ పెద్దదైతే కెపాసిటెన్స్ పెరుగుతుంది. రెండూ కలిపి చూడాలి, మీ కేబుల్‌ని కూడా కలపాలి.

3. 50 ఓమ్‌ల లైనులో 70, 80 ఓమ్‌ల స్విచ్ పెడితే సిగ్నల్ దాదాపు సగానికి తగ్గినట్టు కనపడుతుంది, అద్దంలోలా వెనక్కీ కొడుతుంది. అక్కడ ఏడీజీ704 లాంటి 2.5 ఓమ్‌లది నయం. గిగాహెర్ట్జ్ అయితే ఏడీజీ904 లాంటి ఆర్‌ఎఫ్ స్విచ్ కావాలి.

4. ఆఫ్‌లో ఉన్న ఛానల్ పూర్తిగా మూసుకోదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ పక్క ఛానల్లోకి కారుతుంది. వేగమైన క్లాకు పక్కన నెమ్మది సిగ్నల్ పెట్టకండి, మధ్యలో గ్రౌండ్ వదలండి.

5. ముందు విడిచి తర్వాత పట్టుకునే రకమేనా చూడండి. కాకపోతే మారేటప్పుడు రెండు పాయింట్లూ ఒక క్షణం షార్ట్ అవుతాయి.

6. మల్టీప్లెక్సర్‌కి పవర్ ఇవ్వకముందే దానికి సిగ్నల్ ఇవ్వకండి. సప్లై దాటిన వోల్టేజీ కూడా వద్దు. లోపలి రక్షణ డయోడ్ల గుండా కరెంటు పోయి చిప్ పాడవుతుంది.

7. అన్నిటికన్నా ముందు, బాగుందని తెలిసిన బోర్డుని నేరుగా ఒకసారి, టెస్టర్ గుండా ఒకసారి కొలవండి. మీరు పరీక్షించబోయే అత్యధిక ఫ్రీక్వెన్సీ దగ్గర కొలవండి. మేం చెయ్యనిది ఇదే.

మార్కులు మారిన రోజు ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి క్షమించమని అడిగాం. తిడుతుందనుకున్నాం. చేతిలో ప్యాడ్ లేచిన బోర్డు ఉంది. దాన్నే చూస్తూ, "అయితే అక్కా, నా బోర్డు మొదటిసారే బాగుందా?" అంది.

బాగుంది చెల్లీ. మొదటిసారే బాగుంది.

ఎవరైనా టెస్టర్ లాంటిది చేస్తుంటే కింద రాయండి. లెక్క కలిసి చూద్దాం.