తెల్లచీర ఎవరిది?

రంగుల్లో తీసిన దెయ్యం సినిమాలు నన్నెప్పుడూ పెద్దగా భయపెట్టలేదు. రక్తం ఎర్రగా కనబడగానే అది రంగునీళ్లని తెలిసిపోతుంది. పాత యూరప్ గోథిక్ సినిమాల సంగతి వేరు. వాటిలో రక్తమూ నలుపే, నీడా నలుపే. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలైందో చెప్పలేం. రెండేళ్లుగా నా శనివారం రాత్రుళ్లు వీటితోనే గడుస్తున్నాయి. ముర్నావ్ 'నోస్ఫెరాటు' (1922) నుంచి జాక్ క్లేటన్ 'ది ఇన్నోసెంట్స్' (1961) దాకా వచ్చేసరికి ఒక విషయం పట్టుబడింది. వీటిలో చాలావాటికి అసలు విషయం దెయ్యం కాదు, ఇల్లు. ఆ ఇల్లు ఎవరిది, అందులో ఎవరిని ఉండనిచ్చారు, ఎవరిని లేకుండా చేశారు అన్నదే కథ.

'నోస్ఫెరాటు' మొదలయ్యేదే ఇంటి అమ్మకంతో. హట్టర్ అనే కుర్రాడు ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటు దగ్గర పనిచేస్తుంటాడు. కౌంట్ ఓర్లాక్‌కి ఊళ్లో ఇల్లు కావాలట, వెళ్లి కాగితాలు పూర్తి చేసుకురమ్మంటాడు యజమాని. కమిషన్ బాగా వస్తుందని కుర్రాడు సంబరంగా బయలుదేరతాడు. శంషాబాద్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకి ఈ సీను కొత్తగా అనిపించదు.

వీటిని తీసిన పద్ధతి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగం వీడియో కంప్రెషన్‌లో. కార్ల్ డ్రేయర్ 'వాంపైర్' (1932)లో కెమెరాకి కాస్త దూరంలో పల్చటి గుడ్డ అడ్డంపెట్టి తీసిన షాట్లున్నాయి. లోకమంతా తెల్లవారుజాము మంచులో తడిసినట్టుంటుంది. 'ది ఇన్నోసెంట్స్'ని సినిమాస్కోప్‌లో తీయాల్సి వచ్చింది. అంత వెడల్పు తెర ఆ కథకి ఎక్కువైపోతుందని కెమెరామన్ ఫ్రెడీ ఫ్రాన్సిస్ ఫిల్టర్ల అంచులకి రంగు పూసి తెర రెండు పక్కలనీ చీకటి చేశాడు. మనం డెబొరా కెర్ మొహం చూస్తుంటాం, కానీ మనసు మాత్రం ఆ చీకటి అంచుల మీదే ఉంటుంది.

ఇదంతా నలుపుకీ తెలుపుకీ మధ్యనున్న బూడిదరంగుల్లో జరిగే పని. మామూలు 8 బిట్ వీడియోలో ఆ మధ్యన 256 మెట్లే ఉంటాయి. చీకటి సీనుకి వాటిలో అడుగునున్న కొన్ని మెట్లే దక్కుతాయి. పైగా ఫైలు చిన్నది చేసేటప్పుడు, కన్ను ఎలాగూ పట్టుకోదనుకున్న వివరాన్ని ముందు తీసేస్తాం. నీడల్లోని వివరం ఎక్కువగా అలాగే పోతుంది. ఫోన్లో పాత తెలుగు సినిమా చూస్తే రాత్రి సీన్లన్నీ నల్లటి మరకల్లా కనిపించడానికి ఇదొక కారణం. 'పాతాళ భైరవి' (1951)లో మార్కస్ బార్‌ట్లీ ఎస్వీ రంగారావు మొహం మీద వేసిన వెలుగుని మంచి ప్రింటులో చూస్తే, ఆ మాంత్రికుడు ఓర్లాక్‌కి దూరపు చుట్టమనిపిస్తుంది.

ఇంటి విషయానికొద్దాం. మారియో బావా తీసిన 'లా మాస్కెరా దెల్ దెమోనియో' (1960) నాకు వీటన్నిట్లోకీ ఇష్టం. బ్రిటన్‌లో 1968 దాకా దాన్ని ఆడనివ్వలేదు. పదిహేడో శతాబ్దపు మోల్దావియాలో ఆసా అనే రాజకుమారిని మంత్రగత్తె అని తేల్చి, లోపల ముళ్లున్న ముసుగుని మొహానికి పెట్టి సుత్తితో కొట్టి చంపుతారు. ఆ తీర్పు చెప్పినవాడు ఆమె తోడబుట్టినవాడే. రెండొందల ఏళ్ల తర్వాత ఆమె లేస్తుంది. అదే వంశంలో, అదే మొహంతో కాత్యా అనే అమ్మాయి ఉంటుంది. ఇద్దరూ బార్బరా స్టీలే. ఆసా అడిగేదల్లా తన ప్రాణం, తన ఇల్లు. సినిమా ఆమెని రాక్షసిలాగే చూపిస్తుంది గానీ ఆ సుత్తి దెబ్బని మనం మర్చిపోలేం.

అదే ఏడాది వచ్చిన జార్జ్ ఫ్రాంజూ సినిమా 'ఐస్ వితౌట్ ఎ ఫేస్'లో దెయ్యమే లేదు. కారు ప్రమాదంలో కూతురి మొహం పాడైపోతే, పేరున్న సర్జన్ అయిన తండ్రి వేరే అమ్మాయి శవాన్ని చూపించి తన కూతురిదేనని చెప్పి అంత్యక్రియలు కూడా చేసేస్తాడు. బతికున్న కూతురు క్రిస్టియాన్ తెల్లటి ముసుగు వేసుకుని ఆ ఇంట్లోనే తిరుగుతుంటుంది. ఊరి లెక్కలో చచ్చిపోయింది, ఇంటి లెక్కలో మేడమీద గదిలో ఉంది.

ఈ వెలుగునీడల విద్య మన దేశానికి ఎలా వచ్చిందో చూస్తే ఒక దారి సూటిగానే కనిపిస్తుంది. మ్యూనిక్ నుంచి వచ్చిన జోసెఫ్ విర్షింగ్ బాంబే టాకీస్ కెమెరామన్. కమాల్ అమ్రోహీ 'మహల్' (1949) తీసింది ఆయనే. అందులో పాడుబడ్డ భవంతిలో తిరిగే ఆత్మ చివరికి ఆ ఇంటి తోటమాలి కూతురని తేలుతుంది. పదిహేనేళ్లకి 'వో కౌన్ థీ?' (1964) వచ్చింది. దాన్ని తెలుగులో జగ్గయ్య, జయలలితలతో 'ఆమె ఎవరు?' (1966)గా తీశారు. వానలో, చీకట్లో, రోడ్డు మీద తెల్లచీరలో ఒక స్త్రీ. చివరికి చూస్తే దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఆస్తి కోసం దగ్గర బంధువు ఆడించిన నాటకం. డాక్టరుకి పిచ్చెక్కిందని తేలితే వారసత్వం చేతులు మారుతుంది.

మన సినిమా దెయ్యాన్ని ఇలా విప్పేయడం పిరికితనం అని నా స్నేహితుడొకడు వాదిస్తాడు. యూరప్ వాళ్లు దెయ్యాన్ని దెయ్యంగా ఉండనిస్తారు, మనవాళ్లు చివరి రీల్లో పోలీసుల్ని పిలుస్తారు అని. నాకలా అనిపించదు. ఆస్తి తగాదా అడుగున ఉందని మనవాళ్లు పైకి చెప్పేశారంతే. ఆసా కథలో దాన్ని తవ్వి తీయాల్సి వస్తుంది.

కానీ ఆ తెల్లచీర గురించి మాత్రం మనం అడగాల్సింది అడగలేదు. బ్లాక్ అండ్ వైట్ తెర మీద తెలుపు బాగా వెలుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ యూరప్ సినిమాల్లో తెల్లగౌను పెళ్లికూతురిది, లేదా పక్కమీంచి లేచొచ్చినదానిది. మన దగ్గర చాలా ఇళ్లలో తెల్లచీర మొగుడు పోయినదానికి కట్టబెట్టినది. ఇంట్లో ఉంటుంది గానీ ఇల్లు ఆమెది కాదు. దెయ్యానికి కూడా అదే చీర ఎలా వచ్చింది?

నాకు ఈ ప్రశ్న ఊరికే రాలేదు. మాది జల్‌పల్లి. మేడమీద నుంచి ఒకవైపు పహాడీ షరీఫ్ గుట్ట, ఇంకోవైపు దిగుతున్న విమానాల లైట్లు కనిపిస్తాయి. 2008లో ఎయిర్‌పోర్ట్ మొదలయ్యాక ఇక్కడ గజం ధర గురించి మాట్లాడని ఇల్లు లేదు. మా పాత ఇల్లు నాన్నకీ పెద్దనాన్నకీ పడక 2013 నుంచి తాళం వేసి ఉంది. పెంకులు జారాయి, వాకిట్లో తుమ్మచెట్లు మొలిచాయి. రాత్రిపూట అక్కడ తెల్లచీరలో ఆడమనిషి కనిపిస్తుందని ఆటోవాళ్లు చెప్పుకుంటారు. ఆ ఇంట్లో విధవరాలైన ఒక ఆడబిడ్డ చాలాకాలం ఉండేదని, అన్నదమ్ములు వెళ్లగొడితే బావిలో పడిందని కథ.

బావిలో ఎవరూ పడలేదు. ఆ ఆడబిడ్డ మా అత్త, నాన్నకి చెల్లెలు. 1978లో పెళ్లయింది, ఆరేళ్లకి మామ పోయాడు. చంకలో కూతురితో తిరిగొచ్చి ఇరవై ఏళ్లకి పైగా వెనకగదిలో ఉంది. మమ్మల్ని పెంచింది ఆమే. ఇప్పుడు షాద్‌నగర్‌లో కూతురి దగ్గర ఉంటుంది.

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి సమాన హక్కు ఇస్తూ 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం చేసింది. అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకొచ్చినట్టు లెక్క, అప్పటికే పెళ్లయినవాళ్లకి వర్తించదు. అంటే అత్తకి రాలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ అడ్డు తీసేసింది. అప్పటికి తండ్రి బతికున్నాడా లేదా అన్నదాంతో పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మా ఇంట్లో పంపకం నోటిమాట మీద జరిగింది, రిజిస్టర్ కాలేదు. ఇన్నేళ్లకి అన్నదమ్ములిద్దరూ రాజీపడి ఇల్లు అమ్ముదామనుకుంటే, కొనేవాళ్ల లాయరు పేరుపేరునా వారసుల్ని అడిగాడు. సంతకం కావాల్సొచ్చేసరికి అత్త అందరికీ గుర్తొచ్చింది.

కాగితాలు పట్టుకుని షాద్‌నగర్ వెళ్లే పని నాకు పడింది. కారున్నవాణ్ని, చదువుకున్నవాణ్ని. దారంతా హట్టర్ గుర్తొచ్చాడు.

ముందు ఆటోవాళ్ల కథ చెప్పాను. అత్త పళ్లు బయటపడేలా నవ్వింది. "బతికుండంగనే దెయ్యాన్ని చేసిన్రా అల్లుడా! తెల్లచీరనా? నేనెప్పుడన్న తెల్లచీర కట్టిన్నా?" నిజమే. ఆమె ఎప్పుడూ ముదురు రంగు నేతచీరలే కట్టేది, మెరూన్, ఆకుపచ్చ. మా ఇళ్లల్లో ఆ పట్టింపు లేదు. తెల్లచీర ఆమెకి ఊరు కట్టింది, ఊరికి సినిమా ఇచ్చింది.

తర్వాత కాగితం తీసి మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. సంతకం ఎక్కడో చూపించి తెమ్మన్నారు గానీ చదవొద్దని ఎవరూ చెప్పలేదు. పెళ్లప్పుడే తన వాటా కింద బంగారం, నగదు ముట్టాయనీ, ఇప్పుడు ఇష్టపూర్వకంగా హక్కు వదులుకుంటున్నాననీ ఉంది అందులో. "అది ఇంకోపారి చదువు" అంది. చదివాను. "ఏం బంగారం ఇచ్చిన్రట?" అంది. ఎంతో రాయలేదని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. కాగితాలు నా చేతిలోంచి తీసుకుని, మడిచి, బీరువాలో చీరల కింద పెట్టింది.

"మీ నాయనను రమ్మను. నా ఎదురుంగ కూసొని ఇది సదవమను" అంది.

నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, వెనకగదిలో ఆమె సందూక ఇంకా ఉందా అని అడిగాడు. ఉంటుందన్నాను, తాళం తీసి చూడాలి. కొనేవాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. నాన్న ఇంకా షాద్‌నగర్ వెళ్లలేదు. కాగితాలు అత్త దగ్గరే ఉన్నాయి.